వెల్లవాయ దాటాక

క్యాలెండర్లో అయిపోయిన నెల చించి
వెనక తెల్లవైపు బల్ల మీద పరిచాను.
సముద్రం గాలి, మాట వినదు.
ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల కళ్ళజోడు,
ఒక మూల పిల్లి. నాలుగోది నా మోచెయ్యి.

తంగల్ల అని రాసి చుట్టూ సున్నా చుట్టాను.
మా ఇల్లు ఆ సున్నాలోనే ఉంది.
అక్కణ్ణుంచి పెన్సిలు తనంతట తనే నడిచింది:
రన్న, అంబలన్‌తోట, హంబన్‌తోట,
తిస్స, తనమల్‌విల, వెల్లవాయ.
ముప్పైయొక్క ఏళ్ళు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ
గొంతు చించుకున్న పేర్లు.
రాస్తున్నా నోరు ఊరుకోదు.
"ముందుకు జరగండి, ముందుకు" అన్నానట, పైకే.
వంటింట్లోంచి కుసుమలత:
"ఎవర్ని జరగమంటావ్? ఉన్నది మనిద్దరమేగా."

వెల్లవాయ దగ్గర పెన్సిలు ఆగింది.
మా బస్సు అక్కడే వెనక్కి తిరిగేది.
ఇంజను ఆపకుండానే డ్రైవరు టీ తాగేవాడు,
పాలు లేని టీ, నాలుక మీద ఇసకలా మిగిలే పొడి.
ఎదురుగా ఇనప రంగు కొండలు.
మంచి ఆకు వాటి మీద పుట్టి ఓడెక్కి పోయేది,
అడుగున రాలింది మా గ్లాసులోకి దిగేది.
పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి
వాటికి వీపు చూపించి వచ్చేసేవాణ్ణి.

మనవరాలు సెనులి ఫోను పట్టుకొచ్చింది.
"తాతా, మూడున్నర గంటలే. నీలం గీత చూడు."
నీలం గీతకి ఆకలెయ్యదమ్మా,
దానికి మీ అమ్మమ్మ మోకాళ్ళు లేవు.
రాసుకో:
తిస్స దగ్గర కుండ పెరుగు, జీలుగు పాకం, అరగంట.
తనమల్‌విల దారిలో ఏనుగు అడ్డం నిలబడితే
ఎంతసేపన్నది దాని ఇష్టం.
కొస్లంద ఎక్కేటప్పుడు దియలుమ జలపాతం
రోడ్డు మీంచే కనిపిస్తుందట, విన్నమాట.
మీ నాన్న వ్యానుకి రెండో గేరు మొండిది,
మలుపుకి రెండు నిమిషాలు వేసుకో.
మలుపులెన్నంటావా, అది నీ ఫోన్నే అడుగు.

కుసుమలత లెక్క వేరు.
కొబ్బరి సంబోలు, అరటాకులు, ఒక చెంబు,
రెండు కిలోల ఎండుచేపలు.
"ఎవరికివి?" అన్నాను.
"పైనున్నవాళ్ళకి చేపలెవరిస్తారు?" అంది.
పైన మనకెవరూ లేరు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఒకరున్నారు.
ఏడాదికోసారి ఆగస్టులో
వెల్లవాయలో ఎక్కేది, అరవం మాట్లాడే మనిషి,
వేళ్ళ కొసల్లో ఆకు పసరు నల్లగా.
ఎడంవైపు కిటికీయే కావాలి, సముద్రం అటే.
సాయంత్రం అదే బస్సుకి తిరిగొచ్చేది
సీసాలో ఇంత ఉప్పునీళ్ళు పట్టుకుని.
ఎందుకని నేనడగలేదు.
చిల్లర లేక ఒకనాడు టికెట్టు వెనక
ఏడున్నర అని రాసిచ్చాను.
దిగేవేళ జనం, నేను వెనక తలుపు దగ్గర.
మరుసటేడు రాలేదు. ఆ పైయేడూ రాలేదు.
పేరు తెలీదు. "హపుతళె పైన" అంది ఒకసారి.
ఎంత పైన అంటే చెయ్యెత్తి చూపించింది, అంతే.

ఏడున్నరకి ఇప్పుడు అగ్గిపెట్టె రాదు.
అయినా యాభై సెంట్ల బిళ్ళ కోసం
వారం రోజులు డబ్బాలన్నీ బోర్లించాను.
చొక్కా జేబులో అవి చప్పుడు చేస్తుంటే
కుసుమలత చూసీ చూడనట్టుంది.

హపుతళె.
నాకు అరవడం రాని పేరు:
ఎక్కడ సాగదియ్యాలి, ఎక్కడ మింగాలి?
పిల్లి లేచి వెళ్ళిపోయింది, ఆ మూల ఎగిరింది.
పెన్సిలు పైకి, ఇంకా పైకి,
కాగితం అంచు వచ్చేసింది.
కొండలకి చోటు చాల్లేదు.

ఎవరూ చూడకుండా
గోడ మీది ఈ నెల కూడా చించేశాను.
ఇంకా తొమ్మిది రోజులున్నాయి అందులో.