మడత కాడ

మూడోతూరి వచ్చింది రూతమ్మ.
గ్రీమ్స్‌పేట మలుపులో నా అంగడి షట్టరు
సగమే లేపిండా అప్పటికి.
రాత్రి డ్యూటీ కళ్ళు,
చేతిలో సంచి మాదిరి మడిచిన సైకిలు.
"మస్తానన్నా, మళ్ళా అదే" అనింది.

పాకాల నుంచి రైల్లో తెచ్చుకుంటాది దాన్ని,
సీటు కిందికి పెట్టె మాదిరి తోసి.
చిత్తూరులో దిగి విప్పితే
వెనక బ్రేకు పట్టేసుకోనుంటాది.
ఎవురూ ముట్టకుండానే గేరు
రెండు నుంచి మూడుకు దూకతాది.
మడత కాడ కేబులు నలిగి
పైతొడుగు చీలి, లోపలి తీగ
పిల్లి మీసాల మాదిరి బయటికొచ్చి
వేలికి గుచ్చుకుంటాది.

ముప్పై ఏండ్లుగా నా చేతికి వచ్చిందంతా
మడవని సైకిళ్ళు.
పాలక్యాన్లు మోసినవి, గ్యాసుబండలు మోసినవి,
మామిడికాయల గంపలతో ఒకపక్కకే వాలిపోయినవి.
వాటి కాడ నాకు తెలిసిన న్యాయం ఒకటే:
తీగ బిర్రుగా ఉండల్ల.
వదులుంటే అది పనోడి సోమరితనమని
నాకు పని నేర్పిన బాషా పెద్దాయన
పానాతో నెత్తిన మొట్టి చెప్పిండాడు.

అందుకే మొదటితూరి కురచగా కోసి బిగిస్తి.
రెండోతూరి ఇంకో అంగుళం కోస్తి.
పెండ్లికొడుక్కి తల దువ్వినట్టు
ఎంత నున్నగా ఉండెనో!
వారం తిరక్కుండా తెగి వచ్చె.

ఈతూరి ఆమె స్టూలు లాక్కోని కూచునింది.
టీ తాగతా, కేబులు పక్కే చూస్తా
"అన్నా, మా వార్డులో డ్రిప్పు పెడతాం గదా,
చెయ్యి చాపుకోని పడుకున్నంతసేపూ బాగనే దిగతాది.
నిద్దట్లో మోచెయ్యి మడిస్తే ఆగిపోతాది.
అందుకని ప్లాస్టరు అంటించే ముందే
ఒక చుట్టు వదుల్తాము" అనింది.

నేనేం మాట్లాడలా.
కటింగు ప్లేరు చేతిలోనే ఉండిపాయ.

సైకిలును మడిచి బండమీద పండబెడితి.
ఇన్నాళ్ళూ నిలబెట్టి కొలస్తా ఉంటి.
మడిచినప్పుడు గదా అడగల్ల దాన్ని,
నీకెంత కావల్ల అని.

కొత్త తొడుగు కోసినా, జానెడు ఎక్కువ.
కీలుకు కుడిపక్క పోతాండేదాన్ని
ఎడమపక్కకు మార్చి
హ్యాండిలు ముందర ఒక వొంపు తిప్పి
రాసుకునే చోట పాత ట్యూబు ముక్క చుట్టి
తొడుగు మూతికి రీఫిలు తుంట తగిలించి
కీలుకు ముందర ఒక కట్టు, వెనక ఒక కట్టు.
నడుమ మాత్రం కట్టలా.
ఆడ దాని ఇష్టానికి దాన్ని వదిలేసినా.

మడిస్తి. విప్పితి. మడిస్తి. విప్పితి.
ఎదురు టైలరంగడి పిల్లోడు
పదిహేడు దాకా లెక్కబెట్టి విసుక్కోని పాయ.
బ్రేకు పట్టలా. గేరు దూకలా.
నిలబెడితే మాత్రం
మడత కాడ తీగ పొట్ట వేలాడతా ఉండాది,
చూసేదానికి అసయ్యంగా.
బాషా పెద్దాయన ఉండుంటే మొట్టేవాడే.

"ఎంతన్నా?" అనింది.
కేబులుకు అరవై తీసుకుంటి.
చేతికూలి అడగడానికి నోరు రాలా.
బ్యాగులో నుంచి సగమైపోయిన ప్లాస్టరు చుట్ట తీసి
బల్లమీద పెట్టి, రైలుకు టైమైందని లేసింది.

ఆమె తొక్కుకోని పోతాంటే విన్నా,
మూడో గేరులో టిక్కుటిక్కు ఇంకా ఉండాది.
అది కేబులుది కాదు.
గొలుసుదో, చక్రానిదో.
ఆదివారం చూడల్ల.