ఎండకు వెయ్యకూడని పరుపు

పురసవాక్కంలో మూడో అంతస్తు షాపు. లిఫ్టు పనిచెయ్యట్లేదు.
డిస్కు జారిన మనిషిని మెట్లెక్కించి
పరుపు కొనడానికి తీసుకొచ్చాను.

సేల్స్ కుర్రాడు షిబు. వాళ్ల నాన్న రబ్బరు చెట్లు గీస్తాడట,
తెల్లారకముందే, నుదుటికి లైటు కట్టుకుని.
పొద్దెక్కితే పాలు ఆగిపోతాయట.
అరవంలో మొదలుపెట్టి, నా యాస విని
వచ్చీరాని తెలుగులోకి దిగాడు.

"ఇది డన్‌లప్ అక్కా. పాలు చిలికి, ఒక్కసారే అచ్చులో పోసి ఉడికిస్తారు.
బరువైనదంతా అడుక్కి దిగుతుంది."
గంజిలో మెతుకులా, అన్నాను.
"ఇది టాలలే. అచ్చు నిండా పొయ్యరు. గాలి లాగి ఉబ్బిస్తారు,
గడ్డ కట్టించి, ఆ తర్వాతే వేడి.
పైనా కిందా ఒకటే మెత్తదనం."
రేటు చెప్పేటప్పుడు మాత్రం అరవంలోకి వెళ్లిపోయాడు.

నేను దూదేకులవాళ్ల పిల్లని.
నంద్యాలలో మా నాయన విల్లు మీటితే
వీధంతా తుమ్మేది.
రకాలు నాకూ తెలుసు: బూరుగు, పత్తి, మిల్లు తుక్కు.
శెట్టిగారి పరుపులో పైన జానెడు బూరుగు, నడుమంతా తుక్కు.
దబ్బనం పట్టి కుట్టింది నేనే,
పదకొండేళ్లప్పుడు, నోరు మూసుకుని.

అందుకే మూడో పరుపు మీద "నేచురల్" అని చీటీ చూసి
జిప్పు తియ్యమన్నాను.
షిబు నేల చూశాడు.
"కలిపిందే అక్కా. చెట్టు పాలు ముప్పై పాళ్లు,
మిగతాది ఫ్యాక్టరీది."
వాడి మీద కోపం రాలేదు నాకు.

నాలుగోది మొత్తం ఫ్యాక్టరీదే, చమురులోంచి పుట్టింది.
"మణలి నుంచి నేను తోలే సరుకేగా," అన్నావు.
"ఆరు రాత్రులు దాన్ని వీపు వెనక పెట్టుకునే పడుకుంటున్నా.
ఏడో రాత్రి వీపు కిందా అదేనా?"
ఊరికే చూడు, అన్నాను.
చెప్పులు విప్పి ఒరిగావు.
నిమిషం కాలేదు. గురక.

షిబు ఆ వరస లైట్లు తీసేశాడు.
బేరమంతా గుసగుసల్లోనే.

నీ నిద్ర సాక్ష్యానికి పనికిరాదు మౌలాలీ,
టోల్‌గేటు క్యూలో స్టీరింగు మీదైనా నిద్రపోతావు.
నేను పరుపునే అడిగాను,
అరచెయ్యి ఆనించి, ఆ పైన మోకాలు పెట్టి.
టాలలే పిలిచినట్టు చటుక్కున లేచింది.
డన్‌లప్ కాస్త ఆలోచించి లేచింది.
ఆలోచించేదే కావాలన్నాను.
ఆరంగుళాలు. పద్దెనిమిది నెలల కంతులు.

బిల్లు చింపి ఇస్తూ అన్నాడు షిబు,
"ఎండకి మాత్రం వెయ్యకండి అక్కా. పొడిపొడిగా రాలిపోతుంది."

ఎండ చూడని పరుపు!
మా నాయన వింటే
రోగిష్టి సంబంధం తెచ్చినట్టు చూసేవాడు.
చీకట్లో తీసిన పాలు కదా,
వెలుగు పడదేమో.

ఇప్పుడు ఆదివారాలు కర్టెన్లు మూసి
నిన్ను ఆ పరుపు మీద వదిలేసి,
పాత దూది దిండ్లు రెండు చంకన పెట్టుకుని
వ్యాసర్పాడి పొగలో డాబా ఎక్కుతాను.
వెదురు బెత్తం ఇంకా ఉంది.

నువ్వు లేచి, ఒళ్లు విరుచుకుంటూ,
"పైన ఎవర్నో చితకబాదుతున్నారే," అంటావు.