బండి ఱ

నాయన పోయిన మూడో ఏట
అటక మీంచి దించాను,
పొగాకు బేలు గోతంలో చుట్టిన పెట్టె.
కందుకూరు ఎండకి మూత విచ్చుకుపోయింది.
లోపల ఇంకా కిరసనాయిలు వాసన.

చెక్క అక్షరాలు. జానెడెత్తువి.
అన్నీ తిరగబడి,
అలిగి గోడవైపు తిరిగి పడుకున్న పిల్లల్లా.

నాయన చెప్పేవాడు:
మా ముత్తాతకి ముందే ఎవరో మద్రాసు నుంచి
సీమ నమూనా కాగితం ఒకటి తెచ్చి
ఉదయగిరి కొండ కింద గరిటెలు చెక్కే
గౌస్ మొహిద్దీను ముందు పరిచాడంట.
దొరల అక్షరాలు. ఒంటినిండా తీగలు,
భుజాలకి ముళ్లు, కడుపులో పూలు,
పక్కనే వాటి నీడలు.
"ఇట్లాంటివి తెలుగులో కావాల."
ఆ పూల పేరు గౌసుకి తెలీదు.
కొండ మీద తెలిసిన పువ్వు చెక్కాడు, తంగేడు.

తెలుగు చదవడం రాదంట ఆయనకి.
అక్షరం తిరగేసి చెక్కాలంటే
బళ్లో చదివినోళ్లకే ఉలి తడబడుద్ది.
కుడి నుంచి ఎడమకి ఖురాను చదివే కళ్లకి
తిరగబడటమేంది,
అదే రోజూ నడిచే దారి.

ఆ పెట్టె మా ప్రెస్సుకి ఎట్లొచ్చిందో
అడిగినప్పుడల్లా ఒక కథ.
అప్పు కింద అని ఒకసారి,
కాదు, వేలంలో అని ఇంకోసారి.

మాలకొండ తిరునాళ్లకి, బండలాగుడు పందేలకి,
డేరా సినిమాలకి, పొగాకు కొట్ల ప్రారంభానికి
"ప" పనిచేసింది, "డ" పనిచేసింది.
"అ"ని రెండుసార్లు మళ్లీ చెక్కించారు.
ఒక ఎన్నికల ఏడు "ఓటు"లో
"ఓ"కి నడుం విరిగింది.
తంగేడు పూలు అరిగి అరిగి మచ్చలయ్యాయి.
పురుగు తొలిచినచోట అచ్చులో తెల్ల చుక్కలు.
వాటిని నాయన చూపుడువేలి సిరాతో
కాగితం కాగితానికీ పూడ్చేవాడు.

ఎవరి పేరు దూరానికి కనపడాలో
వాళ్లకే ఈ అక్షరాలు.
"అచ్చు: మాల్యాద్రి ప్రెస్సు" మాత్రం
అట్టడుగున, సీసంలో, చీమ తలకాయంత.

పెట్టె మూలన ఒకటి దొరికింది, కొత్తది.
కొత్తది కాదు. వాడనిది.
బండి ఱ.
నిన్ననే ఉలి దిగినట్టుంది.
అయిదు రేకుల తంగేడు,
రేకులో ఈనెతో సహా.
తీగ చివర, ఎవరూ అడగకుండానే,
నువ్వుగింజంత చిలక.

గౌసు చెయ్యి ఎట్లాంటిదో ఇప్పుడు తెలిసింది,
ఎవరికీ అక్కరలేకపోయిన అక్షరం వల్ల.

గుర్రం మీంచి దించారు దీన్ని.
గొర్రెల్లోంచి తోలేశారు.
ఎరుపులోంచి కడిగేశారు.
ఆఖరికి కర్రలోంచి కూడా.
ఒళ్లంతా కర్రే అయినదానికి
కర్ర అనే మాటలో చోటు లేదు.

రాత్రి షట్టరు దించి
"క" పక్కన పెట్టి చూశాను.
ఒత్తు కోసం పెట్టెంతా కెలికాను. లేదు.
ఏ శీతాకాలం ఏ పొయ్యిలోకి పోయిందో.

రోలరు ఎప్పుడో పాత ఇనుముకి వేశాం.
అరచేత్తోనే సిరా పూసి,
పోయినేటి క్యాలెండరు కాగితం బోర్లా పరిచి,
వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చి
దాని వీపుతో రుద్దాను.

"కఱ" అని పడింది.

తప్పేం కాదులే అనేవాడు నాయన, ఉంటే.
పాత తెలుగులో కఱంటే మరకే కదా.

కాగితం ఆరేదాకా కూర్చున్నా.
చెయ్యి కడుక్కోలేదు.
చిలక కూడా పడింది.
చెక్కలో ఎడమకి చూసేది
ఇప్పుడు కుడికి చూస్తోంది,
ఒత్తు లేని చోటు వైపు.