ఇల్జె లెక్క

లాత్వియాల ఎండంటే పండుగట.
రెండింటికి కుక్కలు సుత గోలెం చాటుకు పోతే
ఇల్జె డాబా మీద చాప ఏసుకొని పండేది.
పొద్దూకేసరికి వీపంత కమిలి,
మా అత్త మజ్జిగ రాసుకుంట
తిట్టిందే తిట్టుడు.
అర్థం కాలే పిల్లకు. నవ్వింది.

తాడ్వాయి బడిల పాఠం చెప్ప వచ్చింది.
బడికేమో సెలవులు.
ఇగ మాతోని తునికాకుకు బయలెల్లింది,
నాలుగు కొట్టంగ, సద్దిగిన్నె సంకన పెట్టుకొని.
యాభై ఆకులకో కట్ట.
పెదవులు కదిలిచ్చుకుంట వాళ్ళ భాషల లెక్కపెట్టేది,
నడుమ ఎవరన్న పలకరిస్తే
మళ్ళ ఒకటి నుంచి.

కల్లేదారు పదకొండు కట్టల్ల నాలుగు పక్కకు ఇసిరిండు.
చిల్లులున్నయట.
పిల్ల మొకం ఎర్రబడ్డది, ఎండకు కాదు.
"గట్లెట్ల? గట్లెట్ల తీసేస్తవ్?"
మూడు నెలలు పుస్తకం పట్టుకున్నా రాని తెలుగు
గా కల్లంల ఊడిపడ్డది.
రెండు కట్టలు వాపసొచ్చినయ్.

రాత్రి కరెంటు లేదు.
సిగ్నల్ దొరికే మూలకు పోయి
వాళ్ళమ్మకు నల్లబడ్డ వేళ్ళు చూపెట్టింది.
అటుదిక్కు ఆమె స్వెటర్ల ఉన్నది.
"ఉక్క" అన్నది ఇల్జె, నాదిక్కు తిరిగి.
మీ భాషల ఏమంటరే అంటే
శానసేపు ఎతికి, లేదన్నది.

మిరుగుకు ముందే మొగులైంది.
మేమంత వాకిట్ల నిలబడి తడుస్తుంటే
తను డాబా మెట్లెక్కి ఒకటే ఉరుకుడు,
"ఒరుగులు! ఒరుగులు!" అని మొత్తుకుంట.

మా అత్త నాదిక్కు చూసింది:
నువ్వూ ఉన్నవ్ ఎందుకు,
గా ఇల్జె లెక్క ఉండరాదు.