ఎన్క దర్వాజ

ఆర్మూర్ సర్కారు దవాఖాన్ల మీటింగు.
ఆరు కుర్చీలు ముందే నిండినయి.
నా కోసం ఎక్స్‌రే రూములకెల్లి
కాలిరిగిన ఏడోది తెచ్చి గోడకానిచ్చిన్రు.
"ప్రజల తరఫున లస్మవ్వ" అని కాయితం మీద రాసిన్రు.
ప్రజలంటే ఎంతమందో నాకు ఎవలు జెప్పలే.

చాయ్ తాగిన్రు. లెక్కలు సదివిన్రు.
పది మంచాలు, ఇద్దరు నర్సులు,
గేటు మీద అర్రంత బోర్డు:
మత్తు విముక్తి కేంద్రం.
మూడు నెలలల్ల అచ్చినోళ్ళు పదకొండు మంది.
"జనానికి తెలివి లేదు, అవగాహన పెంచాలె"
సూపర్నెంటు సారు కండ్లద్దాలు తుడుసుకుంట అన్నడు.
సంతకం పెట్టే జాగల పెన్సిలుతోటి సుక్క పెట్టిచ్చిన్రు.

నేను దినాం వెయ్యి బీడీలు చుట్టే మనిషిని.
ఆకు చూస్తె ఎండిందో పదునున్నదో జెప్త.
బోర్డు చూస్తె జెప్పలేనా?
సారూ, మీ గేటుకెదురుంగ బస్సులాగుతయి.
అంకాపూర్ బస్సు కోసం సగం ఊరు ఆడనే నిలవడ్తది.
ఆ బోర్డు కిందికెల్లి నడిస్తె
నా పేరు నాకంటె ముందుగాల ఇంటికి చేరుతది.

ఇంకోటి.
పొద్దుగాల పదింటికి తెరుస్తరు మీరు.
వణుకు నాలుగింటికే లేస్తది,
కోడి కంటె ముందుగాల.
పదింటిదాక ఆగగలిగినోనికి
మీ మంచం ఎందుకు?

కొందరు నవ్విన్రు. ఆశ భూలచ్చిమి నవ్వలే.
పోయిన సాలు డిపోలు బందువెట్టిన వారం దినాలు
గల్లి గల్లి తిరిగింది ఆమెనే.
మందు కలిపిన కల్లు ఒక్కపారి ఆగిపోతె
మనిషి మెడ ఒక్క దిక్కే గుంజుకపోయి
గోడ మీద లేని చీమలను ఏరుడు
ఆమె చూసింది. నేనూ చూసిన.
ముత్తెవ్వ గట్లనే ఏరుకుంట ఏరుకుంట
ఆరో దినం చేతులు ఆపింది.

"ముత్తెవ్వ?" అన్నడు సారు. "ఆడమనిషా?"
రిజిస్టరు తిప్పిండు. మంచాలు పది.
పదీ మగోళ్ళయే.
ఫ్యాను ఒక్కటే తిరుగుతున్నది రూముల.

అప్పుడు జెప్పిన.
నడుం నొప్పికని మొదలైంది సారూ.
పొద్దంత ముడుసుకొని కూసున్నంక
పొద్దుగూకంగ ఒక సీసా నడుమును సాపు జేస్తది.
తర్వాత రెండు.
బీడీల లెక్క యాదికుంటది, సీసాల లెక్క ఉండది.
పదకొండేండ్లు.
మీరు రాసిన ప్రజలల్ల ఒకతి గిట్లుంటది.

సుక్క మీద సంతకం పెట్టలే ఆ దినం.

బోర్డు దిగడానికి ఐదు నెలలు పట్టింది.
అది కూడ గాలివానకు సగం ఒరిగినంక.
పది మంచాలల్ల రెండింటికి పచ్చ తెర కట్టిన్రు;
ఒకదాని మీద ఇంకా పినాయిలు డబ్బాలున్నయి,
అడుగుతనే ఉన్న.
బీడీ కార్ఖానా దిక్కు ఎన్క దర్వాజ తీసిన్రు,
ఐదింటికి, చీకటితోనే.
ఆడ నేను చాట ముందటేసుకొని కూసుంట.
రక్తం గోలీలకచ్చినమంటరు, పోరగానికి దగ్గంటరు.
కొంగు కింద చేతులు దాసుకుంటరు.
నేనేమీ అడుగ. ఒక ఆకు, జరంత జర్దా ఇస్త,
దారం కట్టుమంట.

తాహెరా మొదటి వారం దారం తెంపింది.
రెండో వారం ముడి పడలే.
నిన్న ఒక బీడీ చుట్టింది,
వంకర, లూజు, టేకేదారు చూస్తె చాట్ల పారేస్తడు.
నేను కొంగున ముడేసుకున్న.

భూలచ్చిమి రిజిస్టర్ల రాసుకుంటది:
పేరు, గల్లి, మానేసి ఎన్ని దినాలాయె.
నాది కూడ రాసింది, రెండేండ్ల నాలుగు నెలలు.
పొద్దుగూకంగ డిపో దిక్కుకెల్లి గాలి అస్తె
ఎడమచెయ్యి ఇప్పటికీ ఒక్కపారి ఉలిక్కిపడ్తది.
దానికి రిజిస్టర్ల గడి లేదు.
అచ్చే మీటింగుల అడుగుత.