రెండు ముళ్ళు

జనవరి ఆఖరు. మోంటానాలో, డిలన్ ఊళ్ళో
చలికి షాపు తలుపు సగమే ఎత్తాను.
ఆ సగంలోంచి వంగి వచ్చాడు ఆర్విడ్ హాగెన్.
కోటు మడతలో చచ్చిన తేనెటీగ ఒకటి,
నిరుటిదో, మొన్నటిదో.

"గేజీలు కావాలి," అన్నాడు గట్టిగా.
కంప్రెసర్ ఆపేశాక కూడా అంతే గట్టిగా,
"ఒకటి పొగ వేడికి. ఒకటి టర్బో గాలికి."

ముప్పై ఏళ్ళు ఈ మనిషి చెవితోనే బండి నడిపాడు.
నూట ఇరవై పెట్టెలు వెనక్కి లాగుతుంటే
మోనిడా ఎక్కుడులో ఏ మలుపు దగ్గర గేరు దించాలో
టర్బో ఈల చెప్పేది, ఆయన వినేవాడు.
పెట్టెకు ఆనించి
లోపల రాణి ఉందో పోయిందో చెప్పిన చెవి అది.

ఇప్పుడు ఆ చెవిలో ఎప్పుడూ ఒకటే ఝుమ్ము.
"ఏ పెట్టెదీ కాదు," అన్నాడు,
"తీసి చూద్దామంటే మూత కూడా లేదు."

ఉన్నవన్నీ కౌంటరు మీద పరిచాను.
అంకెలు మెరిసేది వద్దన్నాడు.
అంకె ఎంతుందో చెబుతుంది గాని
ఎటు పోతోందో చెప్పదట.
అరవై దాకా గీతలున్న బూస్టు గేజీ నేనే వద్దన్నాను:
నీ బండి ఊదేది ఇరవై మూడు, మహా అయితే ఇరవై ఐదు,
సగం ముఖం జన్మంతా ఖాళీగా పడుంటుంది.
ముప్పై ఐదుది తీసుకో, ముల్లును కాస్త తిరగనీ.

వేడి కొలిచే తీగ ఎక్కడ దూర్చాలన్నదే అసలు పేచీ.
టర్బో దాటాక పెడితే పని సుళువు,
మానిఫోల్డుకి చిల్లు అక్కర్లేదు.
కానీ అక్కడికి చేరేసరికి వేడి
సగం కోపం చల్లారి, మర్యాద నేర్చుకుని వస్తుంది.
రెండు మూడొందల డిగ్రీలు మింగేసి
"ఏం లేదు, బాగానే ఉన్నాం" అంటుంది.
"మా తమ్ముడిలా," అన్నాడు ఆర్విడ్.
నేనేమీ అడగలేదు.

టర్బోకి ముందే పెట్టాం.
డ్రిల్లు మొనకి గ్రీజు పూసి,
రాలిన ఇనప రజను అయస్కాంతంతో ఏరి, మళ్ళీ ఏరి.
ఒక్క రవ్వ లోపల మిగిలినా
టర్బో రెక్కలకి అదే ఆఖరి మేత.

బల్బు రంగు దగ్గర మాత్రం ఆయన తడుముకోలేదు.
"ఎరుపు."
తెలుపైతే బాగా కనిపిస్తుంది కదా అన్నాను.
ఎరుపు ఈగలకు కనపడదట.
రాత్రి పెట్టెలెక్కించేటప్పుడు బండి తలుపు తెరిచుంటే
తెల్లటి వెలుగు మీదికి వచ్చి వాలతాయట.
ఎర్రటిది వాటికి చీకటే.
ఇరవై ఏళ్ళుగా గేజీలు అమ్ముతున్నాను.
ఈగల వైపు నుంచి ఆలోచించినవాణ్ణి చూడలేదు.

పన్నెండొందల యాభై దగ్గర తెల్ల పెయింటు చుక్క పెట్టాను.
అది దాటితే కాలు తియ్యి.
రెండు ముళ్ళనీ కలిపి చూడు:
గాలి పడిపోతూ వేడి లేస్తే
ఎక్కడో గొట్టం చిరిగినట్టు.
రెండూ కలిసి లేస్తే కొండ, అంతే.
తలూపాడు. విన్నాడో, నా పెదాలు చదివాడో.

"ఈగకు ఒకటే ముల్లు," అన్నాడు నోట్లు లెక్కపెడుతూ,
"అదీ వాడితే చావే. నాకు రెండిచ్చావు."

నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి
ఊరి చివరి ఎత్తు మీదికి తొక్కాడు.
ఎర్రటి వెలుగులో ముల్లు లేచింది. పద్నాలుగు. పద్దెనిమిది.
"ఈల వస్తోందా?"
వస్తోందన్నాను.
"ఎలా?"
రోజూ వినేదే, పోలిక ఎప్పుడూ వెతకలేదు.
కెటిల్ మరగబోయే ముందులా అన్నాను. కాదన్నట్టు చూశాడు.
తలుపు సందులో గాలిలా అన్నాను. రోడ్డు వంకే చూశాడు.

చివరికి ఆయన వైపు తిరిగి
పెదాలు బాగా కదిలిస్తూ
"రాణి ఉంది," అన్నాను.

అప్పుడు కాలు తీశాడు.
ముందు గాలి ముల్లు దిగింది,
వేడిది, కాస్త ఆలస్యంగా.