కూత

పగలు పంటు మీద టికెట్లు చింపేవాడు,
రాత్రి మైకు పట్టేవాడు, మట్టపర్తి సూరన్న.
నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి
మోటారు సైకిళ్ళూ మేకలూ పెళ్ళివారూ దిగుతుంటే
"చూసుకుని, చూసుకుని, బల్ల జారుద్ది" అన్న గొంతే
చీకటి పడ్డాక హైస్కూలు గ్రౌండులో
"చూసుకుని నాయనా, గీత అవతల ఏడుగురున్నారు" అనేది.

కరెంటు స్తంభానికి కట్టిన రెండు హారన్లలోంచి
ఆ మాట కొబ్బరితోటలు దాటి, బోదె దాటి,
మా వంటింటి దడి దాటి వచ్చేది.
మా అమ్మ ఒక్క ఆటా కళ్ళతో చూడలేదు.
పులుసు తిప్పుతూ తిప్పుతూ గరిటె ఆపి
"బోనసు గీత తాకాడుగా, పాయింటు ఇవ్వరేం?" అనేది.
విజిలు ఆ తర్వాత వినపడేది.

సూరన్న ఎవర్నీ నంబరుతో పిలవలేదు.
తండ్రి పేరుతోనూ పిలవలేదు.
"గుడిమెళ్ళంక, పీచుమిల్లు మంగాయమ్మ కొడుకు
కూతకెళ్తున్నాడు."
"తూర్పుపాలెం, ఎండుచేపల తలుపులమ్మ చిన్నోడు
చీలమండ దొరకబుచ్చుకున్నాడు, వదల్డు, వాళ్ళమ్మ పట్టు అది."
ఎక్కడో లంకలో గేదెకి గడ్డి వేస్తున్న మనిషి
మోపు కింద పడేసి
హారన్ల వైపు తిరిగి నిలబడేది.

కమిటీ వాళ్ళు దాతల పేర్లు చదవమనేవాళ్ళు.
చదివేవాడు,
నలభై మందినీ ఒక్క ఊపిరిలో,
అదీ ఓ కూతే అన్నట్టు.

ఓ ఏడు ఫైనల్ మధ్యలో కరెంటు పోయింది.
జనరేటరు తాడు లాగుతూనే ఉన్నారు.
ఎవరూ ఆడలేదు, ఎవరూ లేవలేదు.
సూరన్న వట్టి గొంతుతో
కిందటేటి ఫైనల్ని మొదట్నించీ మళ్ళీ ఆడించాడు.
లైట్లు వచ్చేసరికి
ఓడిన జట్టు గెలవడానికి రెండు పాయింట్ల దూరంలో ఉంది.
"ఛ, వచ్చేసింది" అన్నారెవరో.

నేను స్కోరు బోర్డు దగ్గర సుద్దముక్క కుర్రాణ్ణి.
అంకె తప్పితే మైకులోనే తిట్టేవాడు,
మూడూళ్ళు నవ్వేవి,
తర్వాత సగం మిరపకాయ బజ్జీ నాకు తుంచేవాడు.
పక్షపాతం లేదనను.
పాలకొల్లు జట్టంటే పడేది కాదు.
వాళ్ళు గెలిచిన రాత్రి ఆ గొంతుకి జలుబు చేసేది.

గొంతులో కాయ అన్నారు కాకినాడలో. కోసేశారు.
మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చి
ఎప్పటి కుర్చీలోనే కూర్చుని
మైకు నా ముందుకి తోశాడు.
"అయిదో నంబరు కుర్రాడు..." అన్నాను.
టికెట్టు పుస్తకం అట్ట మీద రాసి చూపించాడు:
వాడికి అమ్మ లేదా?

పోయిన గురువారం పోయాడు.
ఇవాళ మొదటి ఆట. లైట్ల చుట్టూ ఉసిళ్ళు.
రెండు జట్లూ ఒక్క నిమిషం మౌనానికి నిలబడ్డాయి,
నేను ఆయన పేరు చెప్పాలి.
ఆయన తల్లి పేరు నాకు తెలీదు.
నలభై ఏళ్ళు ఊరందరి తల్లుల్నీ పిలిచినవాడు
ఆ ఒక్క పేరూ మైకులో అనలేదు.
కమిటీకి తెలీదు. వాళ్ళబ్బాయి
"మామ్మ అనేవాళ్ళమండీ" అని ఆగిపోయాడు.
పంటు డ్రైవరు రేవుకి ఫోను చేస్తే
జీళ్ళమ్మే ముసలామె చెప్పిందట:
"నూకాలు. తాళ్ళు పేనేది.
మాట రాదు దానికి. వినపడదు కూడాను."

మైకు దగ్గరికి తీసుకున్నాను.
"సఖినేటిపల్లి లంక,
తాళ్ళు పేనే నూకాలమ్మ కొడుకు
కూతకెళ్ళాడు" అన్నాను.
ఊపిరి అంతవరకే వచ్చింది.

ఆ పేరు ఏటి మీదుగా నరసాపురం వైపు వెళ్ళి
కాస్త ఆలస్యంగా వెనక్కొచ్చింది.
ఎవరూ దగ్గలేదు.
పాలకొల్లు జట్టులో ఓ కుర్రాడు, పేరింకా అడగలేదు,
వంగి
నడిగీత మట్టి ముట్టుకున్నాడు.